పదింటికి బంద్

మున్సిపాలిటీ పుస్తకంల దీని పేరు
బహిరంగ రంగస్థలం.
నల్లగొండ నోట్లె మాత్రం ఓపెనాటు.
"ఓపెనాటు కాడ దిగుత" అంటే
ఏ ఆటో అయినా ఆగుతది.

కిరాయి రెండు వేలు, ధరావతు వెయ్యి,
కరెంటు అలగ్.
రశీదు రాసేది నర్సింగరావు సారు.
తాళం, మెయిన్ స్విచ్చు, ఫ్యూజు తీగె నా జిమ్మ.
నా పేరు మదార్. ఇరవై రెండేండ్ల సర్వీసు.

డాన్సు స్కూలు వార్షికోత్సవాలు చూసిన,
ఖవ్వాలీలు చూసిన, పింఛన్ల సభలు చూసిన.
ఏ బుకింగూ లేని నెలల్ల
మెట్ల మీద బత్తాయి సంచులు ఆరేసుకుంటరు,
టెన్త్ పోరగాళ్లు పుస్తకం అడ్డం బెట్టి ఫోను చూస్తరు.
ఒకసారి ఎవరిదో మేక స్టేజీ మీదనే ఈనింది,
రెండు పిల్లలు.
ఆ పొద్దు చప్పట్లు కొట్టింది నేనొక్కన్నే.

ఈ మెట్లు కట్టిన మేస్త్రి గంగులు
సున్నం చేతులు దులుపుకుంట ఒకనాడు అన్నడు:
"కింద రూపాయి బిళ్ల జారితే
పై మెట్టు మీదోడు తల తిప్పాలె.
అట్ల తీసిన బిడ్డా ఈ వంపు."
నేను నవ్విన.
పన్నెండు బాక్సులు పెట్టే కాలంల
రూపాయి చప్పుడు ఎవనిక్కావాలె?
గుండెకాయ అంగిలకెల్లి ఎగురుతది,
మాట పోయి లతీఫ్ సాబ్ గుట్టకు తాకి
మళ్లొచ్చి మననే కొడతది.

మొన్న శివరాత్రి ముంగట
మర్రిగూడ దిక్కు నుంచి
బుడిగ జంగాల బుచ్చవ్వ మేళం వచ్చింది.
ముగ్గురే. రెండు గుమ్మెటలు, ఒక తంబూర.
ఆమె మోకాళ్లు రెండూ లోపలికి వంగినయి.
ఆ బోరు నీళ్లు తాగినోళ్ల నడక అది.
ఈ జిల్లాల ఎవ్వరూ ఎందుకని అడగరు.
ధరావతు పదులూ ఇరవైలూ లెక్కపెట్టేసరికి
సారు చాయ్ మీద మీగడ కట్టింది.

జనం నూటికి లోపే.
మార్కెట్ హమాలీలు, రోడ్లూడ్చే ఆడోళ్లు,
ఎగ్జిబిషన్ అనుకొని వచ్చి
ఎట్ల లేవాలెనో తెల్వక కూసున్న ఒక కుటుంబం.

ఏడుగురన్నల ఒక్క చెల్లె కథ.
చెల్లె ఏరు నడుమ ఉంది,
ఒక కాలు తెప్ప మీద, ఒక కాలు నీళ్లల్ల,
పది అయ్యింది.

బోర్డు నా నెత్తి మీదనే ఉంటది:
రాత్రి పది తరువాత మైకు నిషేధం.
డాన్సు స్కూలోళ్లకు ఐదు నిమిషాలిచ్చి
పోయిన నెలనే మెమో తిన్న.
మెయిన్ గుంజిన.

లైట్లు, మైకు, అన్నీ ఒకటే వైరు.
చీకటి.
ఎవరో చెప్పులు దేవులాడుకున్నరు.
అప్పుడు బుచ్చవ్వ ఊపిరి తీసింది.

నేనున్నది అందరికంటె పైన,
ఆఖరి మెట్టు ఎనుక, స్విచ్చుబోర్డు కాడ.
ఆ ఊపిరి నా చెవిల తీసినట్టే వినొచ్చింది.

ఇగ పాడింది.
గుమ్మెట తోలు మీద వేలు జారిన చప్పుడు విన్న.
వేలి అందె విన్న.
గిరుక్కున తిరిగినప్పుడు
ఆమె మోకాలు టక్కుమన్నది,
అదిగూడ విన్న.
గంగులు పోయి పదకొండేండ్లు.
ఎవరికి చెప్పాలె?

చెల్లె ఏరు దాటేసరికి పదకొండుంబావు.
చెల్లె దాటిందో, ఏరే పక్కకు జరిగిందో
సక్కగ చెప్పలేను.
హమాలీలు మాత్రం లేవలె.
దారి తప్పి వచ్చిన కుటుంబం గూడ లేవలె.

పొద్దున పుస్తకంల రాసిన:
"రాత్రి సరిగ్గ పదింటికి మైకు బంద్ చేయనైనది."
సారు సంతకం పెట్టిండు.
ఆట ఎప్పుడు ఒడిసింది అనే గడి
మా పుస్తకంల లేదు.

వెయ్యి వాపస్ తీసుకొని
మళ్లొకసారి పదులు లెక్కపెట్టుకుంట
బుచ్చవ్వ అడిగింది:
"కరెంటు పైసలు పది దాకనే గద, కొడుకా?"
అవునవ్వా అన్న.
పది దాకనే.